మెతుకుతో అంటించిన పేజీలు

24 జూన్ 2024, సోమవారం

నలభై ఫారాలూ తిరిగొచ్చాయి. నలభైలోనూ ఒకటే మాట: చాలా బాగుంది. ‘పత్రికలో మీకు నచ్చనిది’ అన్న గడిలో ముప్ఫై మంది ‘ఏమీ లేదండి’ అని రాశారు. ఆ ‘అండి’ని కూడా వదల్లేదు. ఒకాయన నా చేతిరాత ముత్యాల్లా ఉందన్నారు. ఫారం డీటీపీ చేయించినది.

సంగీతానికి ఒక పత్రిక పెట్టాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను. పేరు ‘అనుమంద్రం’, మంద్రస్థాయికీ కిందిది. లోవరాజు గారి ట్రస్టు ఏడాది పాటు అచ్చు వేయిస్తామంది. టార్గెట్ ఆడియన్స్ ఎవరో ముందు తేల్చి చెప్పమంది. నాకు తెలుసనుకున్నాను. అమలాపురం సంగీత సభ వాళ్ళు, రిటైరైన మాస్టర్లు, చిన్నప్పుడు పాట నేర్చుకున్న ఆడవాళ్ళు. శాంపిల్ సంచిక వాళ్ళకే పంచాను. ఎం.ఫిల్. చేసినదాన్ని, నాకు తెలుసు అనుకోవడం ఋజువు కాదని తెలిసి ఉండాలి.

26 జూన్, బుధవారం

కొత్తపేట వెళ్ళి ఫారాలు లోవరాజు గారి ముందు పెట్టాను. ఆయన తాత తండ్రులు అంతర్వేది దగ్గర సముద్రం మీద వేటకి వెళ్ళినవాళ్ళు. ఈయనవి రొయ్యల చెరువులు. కచేరీ ఎక్కడున్నా కారు వేసుకుని వెళ్తారు. ఆఖరి వరసలో కూర్చుంటారు.

ఫారాలు నాలుగు తిరగేసి నవ్వేశారు. మేత బాగుందా అని రొయ్యని అడగమండమ్మా అన్నారు. చెక్ ట్రేలో కాస్త మేత వేసి చెరువులోకి దింపుతామండి, రెండు గంటలాగి పైకి లాగి చూస్తామండి, మిగిలిందంటే తినలేదన్నమాట, రొయ్యకి మొహమాటం ఉండదండి అన్నారు. మన గోదారోళ్ళని అడిగితే ఏం చెప్తారండీ, ఆయ్ అంటారు, అంతే కదండీ అన్నారు.

నేనూ ఆయ్ అనే అన్నాను.

29 జూన్, శనివారం, మధ్యాహ్నం

పెద్ద పత్రికలవాళ్ళు పేజీల మధ్య చుక్క జిగురు పెట్టి చూసేవారని ఎప్పుడో చదివాను. పేజీ తెరిస్తే అది ఊడుతుంది. ఊడకపోతే తెరవనట్టే.

బజారు గమ్ కాగితం మీద మరక వేస్తోంది. అన్నం మెతుకు వేయదు. రెండో శాంపిల్ నలభై కాపీల్లో, ఒక్కోదానిలో నాలుగు చోట్ల, బయటి అంచుకి మధ్యలో ఒక్కో మెతుకు నొక్కాను. పద్నాలుగో పేజీ నాది, మంద్రస్థాయి మీద వ్యాసం. అక్కడ కొంచెం పెద్ద మెతుకే పడింది. ఆరాక అనుకున్నదానికంటే గట్టిగా పట్టింది. గట్టిగా లాగితే ఊడుతుందిలే.

ఇది మోసమా? పరిశోధన అనుకుంటే పరిశోధన.

30 జూన్, ఆదివారం

పంచేశాను. ఈసారి సభ బయట కూడా ఐదారుగురికి ఇచ్చాను.

మాస్టారికి అంటించని కాపీ ఇద్దామనుకున్నాను. శ్రీరామచంద్రమూర్తి గారు మా గౌరవ సంపాదకులు. అంతకంటే ముందు, నా తొమ్మిదో ఏట ఆయన దగ్గర పాటకి చేరాను. నాకిప్పుడు నలభై ఆరు, ఆయనకి ఎనభై ఒకటి. కానీ ఆయనకొక్కరికే వేరే కాపీ అంటే పక్షపాతం అవుతుంది. అందరికీ ఇచ్చిందే ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నారు.

4 జూలై, గురువారం

అన్నం వడ్డిస్తూ మెతుకుల కేసి చూస్తూ నిలబడిపోయాను.

10 జూలై, బుధవారం

తప్పులు దిద్ది కొత్తవి ఇస్తామని చెప్పి కాపీలన్నీ వెనక్కి తీసుకున్నాను.

పద్మశ్రీ గారు సభ కార్యదర్శి. మా వారూ నేనూ పోటీలు పడి చదివేమండీ, మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా అన్నారు. పూతరేకు పెట్టారు.

రాజోలు నుంచి ఏసుదాసు వచ్చి ఇచ్చి వెళ్ళాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, పిల్లలకి నేర్పుతాడు. పద్నాలుగో పేజీ అంటుకుపోయిందండి మేడం, బ్లేడు పెట్టి కోసేనండి, ఏమనుకోకండి అన్నాడు. లోపల స్వరాల్లో రెండో లైనులో ఓ అక్షరం ఎగిరిపోయిందండి, ఆది తాళానికి ఎనిమిది ఉండాలా, ఏడే వచ్చేయి, పిల్లలు వేలు మడవలేక నన్ను తిట్టుకున్నారండి అన్నాడు. లెక్కపెట్టాను. ఏడే.

మాస్టారు వీధి అరుగు మీద కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. మంద్ర పంచమం దగ్గర గొంతు నేల మీద చతికిలబడాలన్నావే, అది బాగుందమ్మా త్రిపురా, ఎవరూ రాయలేదు అన్నారు. ఒళ్ళు పులకరించింది.

అదే రోజు, సాయంత్రం 5

ఇరవై తొమ్మిది కాపీల్లో నాలుగు మెతుకులూ అలాగే ఉన్నాయి. పద్మశ్రీ గారిది కూడా. ఊడిన పదకొండూ ఎక్కువగా పిల్లలకి నేర్పేవాళ్ళవే.

అది సరే. మాస్టారిది.

ఐదో పేజీ చూశాను. ఊడలేదు. ఇరవై, ఇరవై ఏడు. ఊడలేదు. పద్నాలుగు ఆఖరున చూశాను. గోరుతో గీరితే గానీ రాలేదు.

మరి పొద్దున్న అరగంట ఏం మాట్లాడారు? మంద్ర పంచమం మాట ఎప్పుడో పాఠంలో నేనే అని ఉంటాను. దాన్ని పట్టుకుని అల్లేశారు. ముప్ఫై ఏడేళ్ళుగా నా పాట బాగుందన్నది కూడా ఇలాగేనా? గొంతు చూసి అన్నారా, ముఖం చూసి అన్నారా?

ఆ కాపీని తీసి బీరువాలో పెట్టాను.

12 జూలై, శుక్రవారం

రిపోర్ట్ రాశాను. పేజీల మధ్య మెతుకులు పెట్టిన సంగతి, పద్ధతి, పట్టిక, ముగింపు. సభ మన పాఠకవర్గం కాదు, నేర్చుకునే పిల్లలూ వాళ్ళకి నేర్పేవాళ్ళూ మన పాఠకవర్గం అని తేల్చాను. ‘గౌరవ సంపాదకులతో సహా ఇరవై తొమ్మిది మంది తెరవలేదు’ అని ఒక వాక్యం. తీసేశాను. తీసేస్తే నేనూ ‘ఏమీ లేదండి’ బాపతే అనిపించింది. మళ్ళీ పెట్టాను. లోవరాజు గారికి వాట్సాప్ చేశాను.

ఆయన ఒక్కరే చదువుతారు.

21 జూలై, ఆదివారం, గురుపౌర్ణమి

ట్రస్టు మీటింగు ఇవాళ పెట్టారు. ముందు మాస్టారికి శాలువా, తర్వాత పత్రిక నిర్ణయం. అరవై మంది ఉన్నారు. మాస్టారు వేదిక మీద, శాలువాతోనే కూర్చున్నారు.

లోవరాజు గారు దాపరికం తెలియని మనిషి. అమ్మగారు కష్టపడి తేల్చేరండీ, మనమందరం వినాలండీ అని మొదలుపెట్టి పై నుంచి కింది దాకా చదివేశారు. ఆ వాక్యం దగ్గర కూడా ఆగలేదు. చదివేసి, అప్పుడు ఆగారు. ఇది మీకొక్కరికే అని ఒక్క ముక్క రాసి ఉంటే నా సొమ్మేం పోయేది.

పద్మశ్రీ గారు పైట కొస చూసుకుంటున్నారు.

మాస్టారు లేచారు. నా వైపు తిరిగి అడుగుతారేమో అనుకున్నాను. అలా జరిగితే బావుండేది. సభకి నమస్కారం పెట్టారు. ఆయ్, అమ్మాయి రాసింది నిజమేనండీ, నేను చదవలేదు అన్నారు. చదవనివాడి పేరు పత్రిక మీద ఉండకూడదండీ, తీసేయించండి అన్నారు. శాలువా మడత పెట్టి కుర్చీ మీద ఉంచి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

పత్రిక శాంక్షన్ అయింది. ఏడాదికి. సంపాదకురాలు బాలాత్రిపురసుందరి. అంటే నేను.

22 జూలై, సోమవారం

మాస్టారు గుడికి వెళ్ళే వేళ చూసి వాళ్ళింటికి వెళ్ళాను. అమృతవల్లి గారు, మాస్టారి భార్య, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. కూర్చోమన్నారు. నాకూ ఒక గుప్పెడు ఇచ్చారు.

ఏమే, మెతుకులు నువ్వే పెట్టావుటగా అన్నారు. మేం ప్రెస్సువాడి నిర్వాకం అనుకున్నామే. పాపం పిల్ల కష్టార్జితం, పేజీలు అంటుకుపోయేయని చెప్తే ఏడుస్తుంది, నువ్వు నోరెత్తకు అన్నారు మీ మాస్టారు. చింపుదామండీ అంటే, అక్షరాన్ని చింపుతామా అన్నారు. ఇంకేం చేస్తాం. నేను పేజీని ఇలా గొట్టంలా వంచి పట్టుకున్నాను. ఆయన సెల్లు లైటు వేసుకుని, ఒక కన్ను మూసి, పై సగం పై నుంచీ కింది సగం కింది నుంచీ చదువుకున్నారు. మూడు మధ్యాహ్నాలు. నా చేతులు పడిపోయేయనుకో. నీ దాంట్లో రెండో లైను రెండుసార్లు చదువుకున్నారు, అక్షరం తగ్గిందేమో, అయినా ఇప్పుడొద్దులే, అచ్చులో దిద్దుకుంటుంది అన్నారు.

చేతిలో చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టేశాను.

మరి మీటింగులో చదవలేదని ఎందుకన్నారండీ అని అడిగాను.

ఆవిడ నాకేసి చూశారు. చదివేనంటే నువ్వు రాసింది తప్పని అంతమందిలో తేలదుటే అన్నారు. ఆ మాట ఆయన నోటితో అనిపించాలా అన్నారు.

23 జూలై, మంగళవారం

లోవరాజు గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. చెక్ ట్రే పెట్టమన్నది నేనే కదండీ అన్నారు. సాయంత్రానికల్లా మాస్టారింటికి వెళ్ళి వచ్చారట. కాఫీ ఇచ్చేరండీ, వర్షాలూ వరదా రొయ్య రేటూ అన్నీ మాట్లాడేరండీ, ఆ సంగతి ఎత్తబోతే మళ్ళీ కాఫీ తెప్పించేరండీ అన్నారు. పత్రిక మీద తన పేరు మాత్రం ఉంచొద్దన్నారట.

పద్మశ్రీ గారిని కలిసి నేరుగా అడిగాను, మీరూ గొట్టంలా వంచి చదివారా అని. అయ్యో లేదండీ, మేం నిజంగానే చదవలేదండీ అన్నారు. మాస్టారు కాక మిగిలిన ఇరవై ఎనిమిది మందిలో ఈవిడ ఒకరు తేలారు. ఇంకా ఇరవై ఏడుగురు.

అడగడానికి వెళ్ళలేదు.

28 జూలై, ఆదివారం

మాస్టారు కబురు చేశారు. పాఠం వేళకి రమ్మని, అంతే.

వెళ్ళాను. క్షమించండి అనబోతే కూర్చోమని చెయ్యి చూపించారు. పిల్లల వరసలో. ఒక పక్క సాయిశ్రీ, ఎనిమిదేళ్ళది.

సరళీ వరసలు, మొదటిది, అందరూ ఎత్తుకోండి అన్నారు. నా తొమ్మిదో ఏట ఆయన నేర్పిన మొదటి పాఠం.

వేగం హెచ్చే మూడో కాలంలో నాకు తప్పింది. సాయిశ్రీకి తప్పలేదు. మాస్టారు నా వైపు చూడలేదు. తాళం మాత్రం ఆపలేదు.