పది మార్కుల డబ్బా

ఎడపల్లి,
దసరా వెళ్లిన పదో రోజు.

నిజామాబాద్‌లో కార్డుల దుకాణం నడిపే సాయన్న గారికి,

ఎడపల్లి సుష్మ నమస్కారాలు. నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. ఏడో తరగతితో బడి మానేశాను, ఓపిక చేసుకుని చదవండి. పార్సిల్ మీద మీ ఫోన్ నంబరు లేదు. ఉన్నా, నేను ఫోన్‌లో మాట్లాడితే మా అత్త హన్మవ్వ పని ఆపి వింటుంది.

మా ఆయన ప్రేమ్ దగ్గర ఒక క్రికెట్ ఆటగాడి బొమ్మ కార్డు ఉంది. కార్డు ఎంత కొత్తగా ఉందో చూసి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇస్తారట. ఆయనదానికి పదికి పది. పట్టా కాగితాల కింద పెట్టి బీరువాకు తాళం వేస్తారు. అంత గొప్పది కదా అని, దసరా నాడు ట్రాక్టరుకూ కొడవళ్లకూ పెట్టినట్టే దానికీ బొట్టు పెడదామనుకున్నాను. డబ్బా మీద పెడితే లోపలి మనిషికి చేరదు. కత్తితో డబ్బా విప్పి, ఆటగాడి నుదుటికే పసుపు కుంకుమ పెట్టాను. తడిగుడ్డతో సరిచేయబోతే ముఖమే పోయింది.

పక్కింటి అఖిల చూసి, "వదినా, డబ్బా ఇప్పితె మార్కులు పోతయ్. గిదింక ఉత్త అట్టముక్కనే" అంది. మా ఆయన మోర్తాడ్ వైపు వరికోత మిషన్ నడపడానికి వెళ్లారు. వచ్చేలోపు అలాంటిదే బీరువాలో ఉండాలని, అఖిల ఫోన్‌లో మీ వేలం పాడించాను. మీరు పెట్టిన ఫొటోలో కార్డు అద్దంలా ఉంది. ఇంటికొచ్చినదానికి మూల మడిచి గమ్ముతో అతికించి ఉంది. తప్పు పార్సిల్ పంపినట్టున్నారు. దయచేసి మార్చండి.

ఇట్లు,
మీ చెల్లెలి లాంటి సుష్మ

తాజా కలం: జవాబు అఖిల పేరున రాయండి. మా ఇంటికి వచ్చే ఉత్తరం ముందు మా అత్త చేతిలో పడుతుంది.

---

నిజామాబాద్.

చెల్లెమ్మ సుష్మకు,

సాయన్న ఆశీస్సులు. పార్సిల్ సరైనదే వచ్చింది. నువ్వు వేలం పేజీ చివరి దాకా చూడలేదు. "మరిన్ని వివరాలు" అన్న చోట నొక్కితే స్పష్టంగా ఉంటుంది: అమ్మేది పది మార్కుల డబ్బా. లోపలి కార్డు ఉచితం. ఫొటో అలంకారం కోసం మాత్రమే. ఉచితంగా ఇచ్చిన వస్తువు మూలలు వెతకడం మర్యాద కాదమ్మా.

శ్రేయోభిలాషి,
సాయన్న

తాజా కలం: డబ్బా నచ్చితే ఐదు స్టార్లు ఇవ్వగలవు.

---

ఎడపల్లి.

సాయన్న గారికి,

సుష్మ నమస్కారాలు. మీ జవాబు చదివాక నా కళ్లు తెరుచుకున్నాయి. డబ్బాలు వేరు, కార్డులు వేరు అని నాకు తెలియదు. అంటే ఏ డబ్బాలో ఏ కార్డైనా పెట్టవచ్చన్నమాట. విప్పిన గుర్తు పడకుండా మీరు డబ్బా ఎలా విప్పుతారో, మళ్లీ ఎలా అతికిస్తారో వివరంగా రాయండి. మంచి కార్డు దొరికితే నేనే మార్చుకుంటాను. మీ దగ్గర ఇంకేమున్నాయో చూడటానికి అఖిల మీ వేలం పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టింది.

కాస్త తొందరగా రాయండి. ఇరవై ఆరున మా ఆయన, ఆయనతో మరో ఇద్దరు వస్తున్నారు. అప్పటికి తేలకపోతే సంగతి నా చేయి దాటిపోతుంది. ఇప్పటివరకు అఖిలకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇట్లు,
సుష్మ

తాజా కలం: కింద సంతకం పెట్టడం మరవకండి. సంతకం లేని ఉత్తరానికి విలువ లేదని మా బాపు అనేవాడు.

---

నిజామాబాద్.

గౌరవనీయులైన సుష్మ మేడం గారికి,

సాయన్న చేతులు జోడించి రాసుకుంటున్నాడు. ఏడో తరగతి చదివిన మనిషి ఇలా రాయదని రెండోసారి చదివితే అర్థమైంది. మీరు పోలీసుల తరఫున అని మొదటే ఒక్క మాట చెప్పాల్సింది. ఫొటోలో ఉన్న అసలు కార్డునే, దాని డబ్బాతో సహా, ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ చేస్తున్నాను. ఇది నా సొంతం, అమ్మేది కాదు. ఆ ఇద్దరినీ నా దుకాణానికి పంపకండి, నాకు బీపీ ఉంది.

విధేయుడు,
సాయన్న

తాజా కలం: "మరిన్ని వివరాలు" తీసేశాను. ఇకనుంచి వివరాలు తక్కువగానే ఉంటాయి.

---

ఎడపల్లి.

సాయన్న గారికి,

సుష్మ నమస్కారాలు. నేను పోలీసు మనిషినని ఎందుకనుకున్నారో తెలియలేదు. ఆ ఇద్దరూ కోత మిషన్ మీద పనిచేసే బంటి, నితీష్. కార్డు మాత్రం చక్కగా ఉంది. పట్టా కాగితాల కింద పెట్టి తాళం వేశాను.

నిన్న మా ఆయన బీరువా తెరిచారు. డబ్బాను వెలుతురులో పెట్టి, లోపలి కార్డు మూలను దగ్గరగా చూశారు.

"గిది నా కార్డు కాదు" అన్నారు.

"ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"గిది అసలుది గదా."

మంచం మీద కూర్చుండిపోయారు. మెల్లగా చెప్పారు. "నాది ఉత్త డబ్బానే. రెండేండ్ల కింద నిజామాబాద్‌ల సాయన్న అనేటోడు అంటగట్టిండు. మూల మడిచి గమ్ము పెట్టిండు. మోసపోయిన అంటె అవ్వ ఊరంత చెప్పి నవ్వుతది. గందుకే తాళమేసి దాసిన."

సిగ్గుతో దాచినదానికి నేను పూజ చేశానన్నమాట. నుదుటి మీద ధ్యాసలో ఆ మూల చూడనే లేదు.

"మరి అసలుది ఎట్లొచ్చె?" అని ఆయనే అడిగారు.

"నాకేం ఎరుక" అన్నాను. పెళ్లయ్యాక నేను చెప్పిన మొదటి అబద్ధం ఇది. ఆయన నమ్మారు. ఇప్పుడు ఆయన అనుమానమంతా మీ మీద: "ఆ సాయన్న మన బీరువా దాంక ఎట్లొచ్చిండు?" అదే అడగడానికి గురువారం మీ దుకాణానికి వస్తున్నారు. తోడుగా బంటి, నితీష్ కూడా. మనసు మారి ఇచ్చానని చెప్పండి, మా ఆయన మెత్తని మనిషి. బంటి సంగతి నేను చెప్పలేను.

ఇట్లు,
మీ చెల్లెలు సుష్మ

తాజా కలం: మీ ఉత్తరాలు రెండూ అఖిల పుస్తకాల మధ్య భద్రంగా ఉన్నాయి. నావి మాత్రం, ఈ ఉత్తరంతో సహా, చదవగానే కాల్చేయండి.