టెంబ్లేకే లోషన్ నిజం

లోయిసా, ప్యూర్టో రికో

చెల్లెమ్మా ఎనెయిదా,

చేతుల మీద దద్దుర్లు తగ్గాయా? ఎదుటికొచ్చి అడిగే మొహం లేక రాస్తున్నాను.

టెంబ్లేకే అంటే నీకు ప్రాణం కదా. పళ్ళెంలో బోర్లిస్తే వణికే ఆ కొబ్బరిపాల తీపి వాసన వచ్చేలా నీకో లోషన్ చేద్దామనుకున్నాను. కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించాను. (మైనం ఇచ్చినవాడికి ముగ్గురు అత్తగార్లు, ఆ కథ ఇంకోసారి.) అక్కడితో ఆగాల్సింది. పైన దాల్చినచెక్క లేనిదే అదేం టెంబ్లేకే అని గుప్పెడు పొడి కొట్టి అందులో కలిపాను. చర్మం మండుతుందని తోచనే లేదు.

బాప్తిస్మం నాడు నువ్వది మోచేతుల దాకా పూసుకొచ్చావు. జ్ఞానతల్లివై ఎత్తుకోవాల్సిన పసివాణ్ణి దద్దుర్లతో ఇంకొకరికి అందించావు.

"గుడి ముందు ప్రొవిడెన్సియా అమ్మే పీతవడలు తిన్నావుగా, అవే వికటించాయి," అన్నారు గుడిమెట్ల మీద జనం.

"అంతేనంటావా అన్నయ్యా?" అని నువ్వు నన్నడిగావు.

"అంతే. నిన్నటి పీతలు," అన్నాను. అవి ఆ పొద్దున పట్టినవే. బుట్ట మోసింది నేనే.

ఇప్పుడు ప్రొవిడెన్సియా పొయ్యి దగ్గరికి ఎవరూ పోవడం లేదు. నిన్న నన్ను చూసి, "రా ముసలోడా, నువ్వైనా తిను. నిన్ను విషం కూడా ఏం చెయ్యదులే," అని నవ్వుతూ ఓ వడ చేతిలో పెట్టింది. సిగ్గులేకుండా తిన్నాను.

ఆదివారం పూజయ్యాక ఈ ఉత్తరం మెట్ల మీద అందరికీ చదివి వినిపించమని నిన్ను అడగబోయాను. వద్దు, నేనే చదువుతాను. నువ్వు మాత్రం ఎదురుగా నిలబడు. నువ్వు లేకపోతే మళ్ళీ పీతల మీదికే తోసేస్తానేమోనని భయం.

నీ అన్నయ్య