మానని కాలు
మంగళవారం, ఆత్మకూర్.

కొత్తకోట డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, నా కాలి ఎముకలో పగులు ఇంకా మానలేదంది. ఆర్మీ ట్రైనింగ్‌లో చాలీచాలని తిండితో పరుగెత్తడం వల్లేనట. "పీరియడ్స్ ఎప్పటి నుంచి ఆగినయ్?" అని అడిగింది. ఆర్నెల్ల నుంచి అన్నాను. తిండి చాలకపోతే అవీ ఆగిపోతాయట, ఎముకలూ బలహీనపడతాయట. పక్కనున్న అమ్మ నా ముఖం చూడలేదు.

బస్సెక్కాక మాత్రం, "కడుపు మాడ్చుకొని ఉరకమని ఎవలు చెప్పిన్రే?" అంది. ఎవరూ చెప్పలేదు. బరువు పెరిగితే వెనకబడతామని బ్యారక్‌లో ఆడపిల్లలందరం అనుకునేవాళ్లం.

గొర్రెలను దొడ్లోకి తోలుతూ బాపు అడిగాడు: "మళ్ల ఎప్పుడు పోతవ్ బిడ్డా?"

ఈసారి పరుగు పరీక్ష తప్పితే ట్రైనింగ్ నుంచి తీసేసి ఇంటికి పంపించేస్తారు.

"జర టైం పడ్తది బాపూ" అన్నాను.

అమ్మ జొన్నరొట్టెలు, మాంసం కూర పెట్టింది. తిన్నాను. రుచి తెలియలేదు. ఏడుపూ రాలేదు. అమ్మ ఇంకో రొట్టె వేసింది. వద్దనలేదు.