నది ఒడ్డున మూలికలమ్మాయిని బతికించవద్దు

కంప్యూటర్లు బాగుచేసే ఆయన భార్యను, మా పాప పిచ్చుకకు తల్లిని అయిన నేను నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో బాగాలేదు గాని బుద్ధి నిలకడగానే ఉంది. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. ఇది రాస్తున్నట్టు మావారికి తెలియదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం పెళ్లినాటి నుంచీ నాకు లేదు. చదివింది అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

1. దీన్ని అమలు చేసే బాధ్యత ఆయన అక్కగారిది, అంటే మా వదినది. నేను చెబితే ఆయన "సరేలే" అని మాట దాటేస్తారు. వదిన ముందు ఆ పప్పులుడకవు.

2. నా ఉన్ని శాలువా అత్తయ్యకు చెందాలి. "మొగుడూ పెళ్లాం ఆ కంప్యూటరు బొమ్మలాట ముందు కూర్చుంటే గిన్నెలు నేను తోమాలా?" అని ఆవిడ వీధంతా వినేలా అన్నారు. అది ఇంకా గుచ్చుతూనే ఉంది. చలిజ్వరం వచ్చినప్పుడల్లా నా కాళ్లకు దుప్పటి కప్పిందీ ఆవిడే. రెండూ రాశాను.

3. నా చెవి కమ్మలు, పాత కంప్యూటరు, అందులోని పాత ఆట పిచ్చుకకు సర్వహక్కులతో చెందాలి. పెళ్లయిన కొత్తలో ఏం మాట్లాడాలో తెలియక ఆయన నాకు ఆ ఆట చూపించారు. ఒక కత్తివీరుడు, అతనికి తోడుగా నడిచే మూలికలమ్మాయి. ఆమె మొహమంతా కలిపి రెండు చుక్కలు, ఒక గీత. గొంతు లేదు, మాటలు కింద అక్షరాల్లో వస్తాయి. అయినా ఆమె అలిగితే నాకు తెలిసిపోయేది. అడవిలో దారి చూపేవాళ్లుండరు. "ఎడమకు వెళ్దామా?" అన్నదే నేను ఆయనతో నా అంతట నేను అన్న మొదటి మాట. ఎడమకు వెళ్లి బురదలో కూరుకుపోయాం. అప్పుడు ఇద్దరం నవ్వాం.

4. నా టీ ఫ్లాస్కు బొమ్మలు గీసే తమ్ముడికి ఇవ్వాలి. మావారూ అతనూ ఇంకొందరూ కలిసి, ఆ ఆట మీద ప్రేమకొద్దీ, దాన్ని మళ్లీ కొత్తగా తయారుచేస్తున్నారు. "అక్కా, ఇంకో చుక్క పోయవా" అంటూ అతను మా వంటింటి గడప మీదే సగం కొండలు గీశాడు. కొత్తదానిలో వాన నిజంగా తడిపేలా ఉంది. ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. అది నాకు చాలా నచ్చింది. దారి చూపే బాణం గుర్తు మాత్రం నచ్చలేదు. అదే ముందుంటే మేం తప్పిపోయేవాళ్లం కాదు, మాట్లాడుకునేవాళ్లమూ కాదు. అందులో మూలికలమ్మాయి గొంతు నాది. సిగ్గేసి, బట్టల బీరువాలో తల దూర్చి ఆమె మాటలన్నీ చెప్పి రికార్డు చేయించాను. ఆ గొంతు మీద హక్కు మావారికీ పిచ్చుకకూ ఉంటుంది.

5. అసలు సంగతి ఇది. పాత ఆటలో నది ఒడ్డున మూలికలమ్మాయి జ్వరంతో చనిపోతుంది. ఏ దారిన వెళ్లినా, ఏ మందు వాడినా అంతే. నా రిపోర్టులు వచ్చిన వారంలోనే మావారు కొత్తదానిలో జలపాతం పైన ఒక తెల్లవేరు పెట్టారు. అది తెచ్చి అరగదీసి పోస్తే ఆమె లేచి కూర్చుంటుంది. "చూడవే, లేచింది!" అని నాకు చూపించారు. నా గొంతుతోనే ఆమె దాహమని అడిగింది. నేను తల ఊపాను.

ఆ తెల్లవేరును ఆటలోంచి తీసేయాలి. ఇది నా ఖచ్చితమైన కోరిక. రేపు పిచ్చుక పెద్దదై ఆ ఆట ఆడుతుంది. వేరు దొరికితే అమ్మ గొంతు బతుకుతుంది, దొరక్కపోతే పోతుంది. అప్పుడు మా అమ్మకు నాన్న అలాంటి వేరు ఎందుకు తేలేకపోయాడని దాని మనసులో పడుతుంది. ఆయన మనసులో ఇప్పటికే పడింది. ముందే ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటేనో అని గోడకేసి చూస్తూ గొణుక్కుంటున్నారు. ఆయన ఎక్కని మెట్టు లేదు, మొక్కని డాక్టరు లేదు. పాత ఆటలో ఆమె చావు ఎవరి తప్పూ కాదు. కొత్తదానిలోనూ అలాగే ఉండనివ్వాలి. ఆమెను అక్కడే పోనివ్వండి.

6. ఏమండీ, ఇక మీతోనే చెబుతున్నాను. ఆమె పోయాక ఇంకా సగం ఆట ఉందన్నారు మీరు. నేను అది ఎన్నడూ చూడలేదు. అక్కడికి రాగానే ఏడుపొచ్చి కట్టేసి, మళ్లీ మొదటి ఊరి నుంచి మొదలుపెట్టేదాన్ని. మీరూ నన్ను ఏమీ అనకుండా నాతోపాటు వెనక్కి వచ్చేవారు. ఈసారి రావద్దు. పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని నది దాటండి. అవతల మంచు కురిసే ఊరు ఉందన్నారుగా, దానికి చూపించండి.

తేదీ: 14 జూలై 2026, మంగళవారం.

చదువుకుని సరిచూసుకుని చేసిన సంతకం:
పిచ్చుక వాళ్లమ్మ

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
1. కింది వాటాలో ఉండే మందుల షాపు పెద్దాయన
2. రోజూ ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చే నర్సమ్మ