నాలుగు ఫ్యాన్లూ బయటికే

మే 4, ఆదివారం

మెయిల్ వచ్చింది. గొంతు బాగుందట. కథ చదివే తీరు ఇంకా బాగుందట. కానీ వెనక ఆ హోరేమిటని అడిగారు. అది నా కంప్యూటర్ హోరు. ఇరవయ్యో తేదీలోగా హోరు లేకుండా ఇంకో శాంపిల్ పంపితే ఆడియో కథలు చదివే పని ఇస్తారు. లేకపోతే లేదు.

నలభై ఒక్కేళ్లలో నా గొంతు బాగుందని ఎవరైనా అనడం ఇదే మొదటిసారి. మా ఆయన బలరామ్‌కి చూపిస్తే, మరి ఇంట్లో మాకు అరుపులే వినిపిస్తాయేం అని నవ్వాడు. ఏడిసినట్టుంది జోకు.

మే 6, మంగళవారం

సాక్చి బజారులో కంప్యూటర్ షాపుకి వెళ్లాను. కంప్యూటర్ కేసులో వెనక ఒక్క ఫ్యానే ఉందట. పనంతా దాని నెత్తినే పడి అరుస్తోందట. ఇంకో మూడు పెడితే అన్నీ నెమ్మదిగా తిరుగుతాయన్నాడు షాపువాడు. శబ్దం తగ్గాలంటే ఫ్యాన్లు పెంచాలా! తలకెక్కలేదు. సైజు నూట ఇరవయ్యా, నూట నలభయ్యా అన్నాడు. ఎయిర్‌ఫ్లోనా, స్టాటిక్ ప్రెషరా అన్నాడు. బుర్ర ఊపుతూనే ఉన్నాను. చివరికి లైట్‌వాలా దూఁ క్యా, లైట్లు వెలిగేవి ఇవ్వనా అన్నాడు. నాకు జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే. వద్దని, మామూలువి మూడు తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే, గాలి ఏ వైపు నుంచి వస్తుందో ఫ్యాన్ మీద రాసి లేదు. ఒక వీడియోలో ముందువి లోపలికి, వెనకది బయటికి అన్నాడు. ఇంకొకడు పైన కూడా పెట్టమన్నాడు. మూడోవాడు పైన పెట్టావో చచ్చావే అన్నాడు.

మే 7, బుధవారం

మావయ్యని అడిగాను. మావయ్యంటే బలరామ్ నాన్న, బంగారురాజుగారు. ఆదిత్యపూర్‌లో ఇప్పుడు మూతపడిన ఒక చిన్న మిల్లులో ముప్ఫై ఒక్కేళ్లు బాయిలర్ ఫ్యాన్లు చూశారు. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేను అడిగేసరికి కళ్లజోడూ స్క్రూడ్రైవరూ ఒకేసారి బయటికొచ్చాయి.

నాలుగు ఫ్యాన్లూ బయటికే ఊదేలా బిగించారు. ముందు రెండు, పైన ఒకటి, వెనక పాతది. ముందువి లోపలికి ఊదాలని వీడియోలో చెప్పారు మావయ్యా అన్నాను. ఆడెప్పుడైనా బాయిలర్ తలుపు ముందు నిలబడ్డాడా ఏటి అన్నారు. గాలిని లోపల్నించి లాగాల గానీ బయట్నించి తొయ్యకూడదమ్మా, తోత్తే మంట తలుపులోంచి మొహం మీదికొచ్చేత్తది అన్నారు. అంత గట్టిగా చెప్పేసరికి నాకూ నిజమేననిపించింది. కంప్యూటర్లో మంట ఎక్కడుందని అడగాలని అప్పుడు తోచలేదు.

మే 8

అగరుబత్తి వెలిగించి కేసు చుట్టూ తిప్పారు. ప్రతి సందులోంచీ పొగ లోపలికే పోయింది. సూసేవా ఎలా లాగుతందో అని మురిసిపోయారు. పక్కవీధి సీతారామరావుగారికి ఫోన్ చేసి, మా కోడలి బాయిలర్ నేనే సెట్ చేసేనని చెప్పుకున్నారు. హోరు తగ్గింది. తగ్గిందనే అనుకుంటున్నాను.

మే 11

తగ్గలేదు.

మే 13, మంగళవారం

సగం కథ చదివాక మిషన్ దానంతటదే ఆగిపోయింది. టెంపరేచర్ తొంభై ఆరు. ఒక్క ఫ్యాన్ ఉన్నప్పుడే నయం! పక్క తలుపు తీశాను. ఓరి దేవుడో. లోపలంతా ఎర్రదుమ్ము, వేలితో పేరు రాయొచ్చు. ముందు దుమ్ము ఆపడానికున్న జాలీ మాత్రం కడిగినట్టుంది. ఇదెక్కడి చోద్యం?

అరగంట కూర్చుంటే గానీ బుర్రకెక్కలేదు. జాలీలోంచి గాలి బయటికి పోతోంది. లోపలికొచ్చేదంతా జాలీ లేని సందుల్లోంచి. మా బిర్సానగర్‌లో పొద్దున కిటికీ తెరిస్తే మధ్యాహ్నానికి దుప్పటి రంగు మారుతుంది. ఆ దుమ్మును మేమే పిలిచి మరీ లోపలికి లాక్కుంటున్నాం.

మావయ్యది తప్పు. ఇది రాయడానికే చెయ్యి రావడం లేదు. ఆయనకెలా చెప్పను?

మే 14

బలరామ్‌ని అడిగాను. అరే యార్, నాన్న మార్కెట్‌కెళ్లినప్పుడు చుప్‌చాప్ తిప్పేయ్, ఆయనకేటి తెలుత్తది అన్నాడు.

మే 15, గురువారం, రాత్రి 8

తిప్పేశాను. దుమ్మంతా తుడిచి ముందు రెండూ లోపలికి, వెనకది బయటికి పెట్టాను. పైది పీకేశాను. టెంపరేచర్ డెబ్భై దాటడం లేదు. చెవి ఆనిస్తే తప్ప శబ్దం వినిపించదు.

సాయంత్రం మావయ్య అగరుబత్తితో వచ్చారు. ఈసారి సందుల్లోంచి గాలి బయటికొచ్చి పొగ ఆయన మొహం మీదికి కొట్టింది. చటుక్కున వెనక్కి దూకారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి అలా దూకడం ఎప్పుడూ చూడలేదు. నాకేమీ అర్థం కాలేదు. అగరుబత్తి ఆర్పేసి వెళ్లిపోయారు. అన్నం వద్దన్నారు.

మే 17, శనివారం

రెండు రోజులుగా మావయ్య మాట్లాడటం లేదు. హోరు పోయింది కదా, మరి ఒక్క పేజీ కూడా చదవలేకపోతున్నానేం? ఇంక మూడు రోజులే ఉంది. ఎదురుగా చెప్పి ఉంటే తిట్టేవారు, తిట్లు తిని ఊరుకునేదాన్ని. దొంగలా తిప్పాను. సిగ్గేస్తోంది.

మే 18, ఆదివారం

వెళ్లి ఆయన మంచం పక్కన కింద కూర్చున్నాను. తప్పయిపోయింది మావయ్యా, మీకు చెప్పకుండా తిప్పేశాను అన్నాను. ఆయన లేచి కూర్చున్నారు. తర్వాత చెప్పారు. మిల్లులో ఒకరోజు గాలి లాగే ఫ్యాన్ ఆగిపోయిందట. తోసే ఫ్యాన్ మాత్రం ఆగలేదట. తలుపు దగ్గర ఆయన జతగాడున్నాడు. ఆడి మొహం ఇప్పటికీ నా కళ్లలోనే ఉందమ్మా అన్నారు. గాలి ఎదురొత్తే ఒళ్లు ఝల్లుమంటది, అంతే గానీ నీ మీద నాకు కోపమేటి అన్నారు.

పదిహేడేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఈ సంగతి నాకు తెలియదు. బలరామ్‌కీ తెలియదు. ఏడుపొచ్చేసింది. ఇందులో నిప్పు లేదు మావయ్యా అన్నాను. అవును, నిప్పు లేదు కదా అన్నారు, అప్పుడే తెలిసినట్టు. నువ్వు సదువుతుంటే పక్కన కూకుని సూత్తానన్నారు. చూసేది నన్నో, ఫ్యాన్లనో తెలియలేదు.

మే 20

ఒక్కసారికే వచ్చేసింది. రెండుసార్లు విని పంపేశాను. చదువుతున్నంతసేపూ మావయ్య కేసు మీద అరచెయ్యి పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు.

మే 22, గురువారం

పని ఇస్తారట! హోరు అస్సలు లేదట. కానీ నాలుగో నిమిషంలో వెనక నుంచి ఊఁ అన్నదెవరని అడిగారు. ఆ ఒక్క పేరా మళ్లీ చదివి పంపమన్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మావయ్యే. కథకి ఊకొట్టారు. తను ఊఁ అన్నట్టు ఆయనకే తెలియదు.

మే 23

మావయ్యకి ఉన్న సంగతి చెప్పి, ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, ఆ పేరా చదివాను. ఆ చోటికొచ్చేసరికి ఆగిపోయాను. ఊఁ రాలేదు. అక్కణ్నించే అందుకుని చివరిదాకా చదివాను. ఆ ఖాళీ తీసెయ్యడానికి మనసొప్పలేదు. అలాగే పంపేశాను.