అడుగున నల్ల మచ్చ ఉన్న పలక

ఇంటి వెనక గదిలో కూరగాయలు తరిగే చెక్క పలకలు చేసుకుంటూ ముప్పై ఏడేళ్లుగా బతుకుతున్నవాణ్ణి, వయసు డెబ్బై రెండు, ఈ వీధిలో అందరూ పలకలాయన అని పిలిచేవాణ్ణి అయిన నేను, నా తదనంతరం ఏది ఎవరికి చెందాలో నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు నేను నిన్న అతికించిన పలక మీద మూలమట్టం పెట్టి చూసుకోవచ్చు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బలవంతపెట్టేంత దగ్గరగా ఎవరూ లేరు కూడా. గుండె డాక్టరు బరువులెత్తొద్దన్నాడు, మెట్లెక్కొద్దన్నాడు, కోపం తెచ్చుకోవద్దన్నాడు. మొదటి రెండూ మానేశాను. ఇంతకుముందు నేను రాసిన కాగితాలేవైనా బయటపడితే అవి చెల్లవు.

దీన్ని అమలు జరిపే బాధ్యత రంపాలకు పదును పెట్టే నా స్నేహితుడిది. నాకంటే మూడేళ్లు చిన్నవాడు. నాకంటే ముందు పోతే ఊరుకోనని చెప్పి ఉంచాను.

1. నేను నివసిస్తున్న రెండు గదుల ఇల్లు, వంటగదితో సహా, నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందవలెను. నాకేం అక్కర్లేదు అంటుంది. ఆరేళ్లుగా అదే పాట. అక్కర్లేకపోతే అమ్ముకోవచ్చు, నేను లేచి వచ్చి అడగను. వీధి తలుపు తాళం తీసేటప్పుడు తలుపును కాస్త పైకెత్తి తొయ్యాలి. మర్చిపోయి ఉంటుందేమోనని రాస్తున్నాను. వంటగదిలో కిటికీ కింద బల్ల వాళ్లమ్మ ఎత్తుకు తగ్గట్టు నేను చేసింది. అమ్మాయి తల్లికంటే పొడుగు. బల్ల కాళ్ల కింద పెట్టుకోవడానికి నాలుగు చెక్క ముక్కలు కోసి సొరుగులో ఉంచాను. అవి పెట్టుకుంటే నడుము పట్టేయదు.

2. ఇరవై రెండేళ్లపాటు నా పలకలను వారం వారం సంతకు మోసుకెళ్లి అమ్మిన నా తమ్ముడికి, పనిగదిలో తలుపు పక్కన గోడకున్న అర చెందవలెను. ఆ ఒక్క అరే. మేకులతో సహా ఊడదీసుకుపోవలెను. ఎందుకో వాడికి తెలుసు. మిగతావాళ్ల కోసం కింద రాస్తున్నాను.

3. ఇది పంపకం కాదు, వివరణ. వీలునామాలో ఇలాంటివి రాయకూడదని ప్లీడరు గుమస్తా అన్నాడు. అందుకే ఆయన చేత రాయించలేదు.

నేను చేసిన మొట్టమొదటి పలక నా భార్యకు ఇచ్చాను. ఇచ్చిన వారంలోనే దాని మీద కాలే మూకుడు పెట్టేసింది. నల్లగా అర్ధచంద్రంలా మచ్చ పడింది. నాకు కనబడకుండా పలక తిరగేసి వాడుకుంది. అప్పటినుంచి అదే దాని అడుగు. ఆ మచ్చ నాకు మర్నాడే కనబడింది, కనబడనట్టు ఊరుకున్నాను. ఆ పలక మీద ముప్పై ఒక్క ఏళ్లు తరిగింది. ఆఖరి నాలుగేళ్లు పలక మెలితిరిగి ఒక మూల పైకి లేచింది. కత్తి ఆడినప్పుడల్లా టకటక కొట్టుకునేది. "కాస్త దీన్ని చూడండి" అంది. రేపు అన్నాను. ఇక్కడ చేసిన పలక ఎప్పుడు తెచ్చినా ఉచితంగా చిత్రిక పట్టి నునుపు చేసి ఇస్తానని పనిగది తలుపు మీద రంగుతో రాసి పెట్టినవాణ్ణి నేను. బయటివాళ్లు తెస్తే నిలబెట్టి అరగంటలో చేసిచ్చేవాణ్ణి. ఇంటి మనిషికి మాత్రం రేపు. మూడేళ్లు అడిగింది. తర్వాత అడగడం మానేసి, క్యాలెండరు కాగితం ఒకటి మడతలు పెట్టి ఆ మూల కింద దోపుకుంది.

ఆమె పోయిన నాలుగో రోజు మా అమ్మాయి "అమ్మ పలక నేను తీసుకెళ్తా నాన్నా" అంది. తన ఇల్లు చూసుకుని ఆదివారం వస్తానని వెళ్లింది. ఊగే పలకను పిల్లకు ఎలా ఇవ్వను అనుకున్నాను. అదీ నా బుద్ధి. బల్లకు బిగించి, పైనా కిందా రెండువైపులా పెద్ద చిత్రిక పట్టాను. నాలుగేళ్లు చేయని పని గంటలో అయిపోయింది. అలవాటు కొద్దీ అంచున నా ముద్ర కూడా కాల్చాను. తర్వాత అరచేత్తో తడిమి చూశాను. ఎక్కడా ఏమీ తగల్లేదు. అప్పుడుగానీ నాకు తెలిసిరాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె కత్తి గీసిన గీతలన్నీ చెక్క పొరల్లో చుట్టలు చుట్టుకుని నా పాదాల మీద పడి ఉన్నాయి.

పలక మీది గీతలు చూసి మనిషిని చెప్పగలను నేను. ఎవరిది ఎడమచేతి వాటం, ఎవరు విసుక్కుంటూ తరుగుతారు, ఏ ఇంట్లో వంట తగ్గిపోయింది, అన్నీ చెబుతాను. నా భార్య గీతలు ఎలా ఉండేవని అడిగితే చెప్పలేను. ఒక్కసారీ చూడలేదు.

పలకకు నూనె పట్టించి ఆ అరలో ఆరబెట్టాను. నల్ల మచ్చ లోతుగా దిగడంతో అదొక్కటే మిగిలింది. మర్నాడు శనివారం. నేను పడుకుని ఉండగా తమ్ముడు వచ్చి, అరలో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని సంతకు పోయాడు. సాయంత్రం ఖాళీ సంచితో వచ్చాడు. అడిగితే, ఆ అరలో పెట్టినవన్నీ అమ్మకానికేనని "నువ్వే కదన్నయ్యా రూలు పెట్టావు" అన్నాడు. వదిన పలకను గుర్తుపట్టలేవా అన్నాను. "గుర్తుపట్టడానికి అందులో ఏం మిగిల్చావు?" అన్నాడు. ఆ మాట నిజం. అందుకే వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. ఆ అర తీసుకుపొమ్మనండి.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది. పొరల కుప్పను చూసింది, పలక లేకపోవడం చూసింది. "అమ్మ పోయి వారం కాలేదు. చెక్కేసి బేరం పెట్టేశావా?" అంది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, చెక్కింది నేనేనని ముందు ఒప్పుకోవాలి. చీపురు అందుకున్నాను. నా ఎదురుగానే ఆ పొరలన్నీ సంచికెత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ గడప తొక్కలేదు. నేనూ ఫోన్ చేయలేదు. నాకూ పౌరుషముందిగా, తగలెయ్యడానికి.

4. పనిగదిని నా తదనంతరం అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు. నా స్నేహితుడు ప్రతి శనివారం తెరిచి కూర్చుని, వచ్చిన పలకలకు ఉచితంగా చిత్రిక పట్టవలెను. వచ్చిన ప్రతి పలకనూ ముందు తిరగేసి చూడవలెను. ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే. అడుగున నల్లటి అర్ధచంద్రం ఉంటే, బదులుగా నా దగ్గరున్న పలకల్లో ఏది అడిగితే అది ఇచ్చి, దాన్ని తీసుకుని మా అమ్మాయికి అందజేయవలెను. అది వచ్చేదాకా ఈ గది మూయరాదు.

5. పనిముట్లన్నీ నా స్నేహితుడివి. పెద్ద చిత్రిక తప్ప. దాన్ని ఎవరూ వాడవద్దు. కలప డిపో యజమానికి, ఎండిన కలప అని ప్రమాణం చేసి పచ్చిది అంటగట్టినందుకు, ఆ కలపతో చేసి నిలువునా చీలిన పలక ఇవ్వవలెను. గోడకు తగిలించుకోమనండి.

6. మూల కింద నా భార్య దోపుకున్న క్యాలెండరు కాగితం మా అమ్మాయికి చెందవలెను. ఎనిమిది మడతలు. నేను ఒకసారి విప్పాను. నన్ను తిడుతూ ఒక్క మాటైనా రాసి ఉంటుందేమోనని రెండువైపులా చూశాను. ఏమీ లేదు. మళ్లీ అవే మడతల్లో పెట్టాను.

పైదంతా శనివారం రాశాను. సాక్షి సంతకాల కోసం ఆగాను. ఈ కిందిది ఈ రోజు, మంగళవారం రాస్తున్నాను.

7. నాలుగో అంశం కొట్టివేయడమైనది. కారణం ఏమనగా, ఈ ఉదయం పది గంటలకు ఎవరో ఒకావిడ, బట్టలు కుడుతుందట, సంచిలో పలక పట్టుకొచ్చింది. "అంచున మీ ముద్ర చూసి వచ్చానండీ. ఊగుతోంది, కింద గుడ్డ మడిచి పెట్టుకుంటున్నా" అంది. తిరగేశాను. నల్ల మచ్చ. నేను సరిచేసిన ఆ మూలే మళ్లీ లేచింది.

స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆవిడే మంచినీళ్లు ఇచ్చింది. కూతురికి చెప్పని సంగతంతా ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాను. విని, పలకను నా వైపు జరిపి "అయితే ఉంచేసుకోండి" అంది.

పైవైపు చూశాను. ఆరేళ్ల గీతలు, ఆవిడవి. ఏటవాలుగా, పొడుగ్గా, తొందరలో ఉన్న మనిషి గీతలు. నా భార్యది ఒక్కటీ లేదు. దీన్ని అమ్మ పలక అని చెప్పి మా అమ్మాయి చేతిలో ఎలా పెట్టను? మీదే, మీరే వాడుకోండి అన్నాను. రేపు రమ్మనలేదు. అప్పటికప్పుడే, అడుగున బల్లకు ఆనుకునే రెండు మూలల్లో మాత్రం చిన్న చిత్రిక నాలుగుసార్లు తోశాను. పలక కుదురుగా కూర్చుంది. పైన గీతలు చెక్కుచెదరలేదు, నడుమ మచ్చ జోలికి పోనేలేదు. ఆ రోజు కూడా ఇంతే చేసి ఉంటే సరిపోయేది. పని తెలిసినవాణ్ణి, నాకు తట్టలేదు. ఏడుస్తూ చేశాను.

కాబట్టి పనిగది కూడా ఏ షరతూ లేకుండా మా అమ్మాయిదే. పలక ఆవిడది. మీ అమ్మాయి ఎప్పుడొచ్చినా నా వంటింట్లో ఒక ఉల్లిపాయ తరుక్కుని వెళ్లొచ్చని ఆవిడ మాటిచ్చింది. అమ్మాయీ, వెళ్తే పలక తిరగేసి చూడు. ఆ మచ్చ మీ అమ్మ నాకు కనబడకుండా దాచుకున్నది. అదొక్కటే నా చేతికి చిక్కకుండా మిగిలింది. మీ అమ్మ పలకను నేను బేరం పెట్టలేదు. గీతలు చెరిపింది మాత్రం నేనే.

8. ఇంకొకటి. సాక్షి సంతకం పెట్టమని ఆవిడనే అడిగాను. మొత్తం చదివి, "ఇదంతా మీరు పోయాక తెలియాలా?" అంది. రేపు ఫోన్ చేస్తాలెండి అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది. ముందు చెయ్యండి, తర్వాతే సంతకం అంది. ఒకసారి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మళ్లీ చేయబోతున్నాను. ఇంతవరకే నేను రాసింది.

తేదీ: 2025 మార్చి 11, మంగళవారం.

(చేవ్రాలు) పలకలాయన

సాక్షులు:

మొదటి సాక్షి: వీధి చివర కిరాణా కొట్టు యజమాని. నా ఎదుటే సంతకం చేశారు.

రెండో సాక్షి: పలక తెచ్చినావిడ. మూడోసారికి వాళ్లమ్మాయి ఫోన్ ఎత్తింది. పెద్దాయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. అందుకని సంతకం పెడుతున్నాను.