వెనక టైరు ఎనభై డిగ్రీలు

స్టెన్‌మోస,
27 ఆగస్టు 2018, సోమవారం.

ప్రియమైన స్టూరెకు,

ఇంగ్వార్ రాస్తున్నాను. మోకాళ్లు తప్ప మిగతా నేనంతా క్షేమం. నీ తుంటి ఎముక పూర్తిగా గట్టిపడిందనీ, మైబ్రిట్ కులాసాగా ఉందనీ, సరస్సు ఒడ్డున మీ ఇంటికి ఎర్ర రంగు వేయడం ఈపాటికి అయిపోయిందనీ తలుస్తాను.

నీ కార్డు అందింది. ముప్పై ఏళ్ల స్నేహానికి నాలుగే నాలుగు మాటలు రాశావు. ‘బండి అమ్మెయ్. నువ్వే చూసుకో.’ సంతకం కూడా లేదు. ఆ కోడిగీతలు ఇంకెవరివీ కావు కాబట్టి పోల్చుకున్నాను.

ఫోను చేస్తే మైబ్రిట్ ఎత్తుతుంది. “ఆయన బయట కట్టెలు కొడుతున్నారు, ఇంగ్వార్” అంటుంది. మార్చిలో అదే మాట, జూన్‌లో అదే మాట, మొన్న హోరున వాన పడుతున్నా అదే మాట. ఉండబట్టలేక, “ఆ కట్టెలతో మీ ఊరంతా నాలుగు చలికాలాలు కాచుకోవచ్చు కదా మైబ్రిట్!” అన్నాను. నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “షెడ్డు వైపు వెళ్లడమే మానేశారు. హెల్మెట్టు కూడా ఎవరికో ఇచ్చేశారు” అంది. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఉత్తరానికైతే కట్టెలు అడ్డం రావు కదా అని రాస్తున్నాను.

నీ రేసు బైకు కోసం యోన్‌షోపింగ్ నుంచి ఒకాయన ఈ శనివారం వస్తానన్నాడు. నేను ఇంకా అవుననలేదు, కాదనలేదు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక నువ్వు ఏం చెబితే అది చేస్తాను. మధ్యలో ఆపకు, నీకు ఆ అలవాటుంది.

ముందు కబుర్లు. నువ్వు లేని ఈ ఏడాది నేను బుద్ధిలేని పని ఒకటి చేశాను. నువ్వు వేసే మెత్తటి స్లిక్కులే కొన్నాను. గాడిలేని ఆ నున్నటి టైరు వేసుకుంటే చాలు, నీ వేగం దానంతటదే వచ్చేస్తుందని నా వెర్రి. మే నెలంతా వాటి మీద తిరిగాను. ఒక చుట్టుకి నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లు. అక్కడే గడియారం మొండికేసింది.

తూవ గుర్తుందా? కాన్పుల ఆసుపత్రిలో నర్సు, ట్రాక్ దగ్గర మన పక్క గుడారం, పోయినేడు మగాళ్లందరినీ వెనక్కి నెట్టి కప్పు పట్టుకుపోయింది. ఒకరోజు నా బండి దగ్గర గొంతుక్కూర్చుని వెనక టైరు అంచు మీద గోటితో గీసి చూసింది.

“ఇదిగో పెద్దాయనా, ఇటు చూడు. ఎలుక కొరికినట్టు ఎలా చిరిగిందో! ఎందుకో తెలుసా?” అంది.

టైరు మంచిది కాదేమోనన్నాను.

“టైరుకేం, బంగారం. దీని వేడి నిలబెట్టేంత గట్టిగా నువ్వు తోలడం లేదు. టైరు కాచే కరెంటు దుప్పట్లు తీసినప్పటి వేడి రెండు చుట్లకే దిగిపోతోంది, చల్లారిన రబ్బరు చిరిగిపోతోంది. ఇది స్టూరె టైరు. నీ టైరు నువ్వు కొనుక్కో” అంది.

ఇంత పచ్చిగా అవమానిస్తావా అని అడిగితే, “నేను ఊరికే అవమానిస్తున్నా. కొట్టువాడైతే డబ్బు పుచ్చుకుని పొగుడుతాడు” అని లేచి చేతులు దులుపుకుంది.

ఆ పిల్ల మాట విని గాడి ఉన్న టైర్లు వేశాను. అవి తొందరగా వేడెక్కుతాయి, కాస్త నెమ్మదిగా పోయినా అలగవు. ఏం చెప్పను స్టూరె, మొదటి రోజే ఒక సెకను తగ్గింది. టైరు మీద నమ్మకం కుదిరితే మనిషి భుజాలు వాటంతటవే వదులవుతాయి. ఇరవై ఏళ్లు రేసుల్లో తిరిగి ఈ ముక్క నేర్చుకోవడానికి నాకు అరవై ఒకటో ఏడు రావాల్సి వచ్చింది.

జూలైలో ఒక సాయంత్రం తూవ నన్ను ట్రాకంతా కాలినడకన తిప్పింది. ప్రతి మలుపులో నిలబెట్టి, కళ్లెక్కడ పెడుతున్నానో చెప్పమంది. ఏ మలుపుకొస్తే ఆ మలుపునే చూస్తున్నానట. “దాటాక పోవాల్సిన దారి చూడు. చెట్టును చూస్తూ తోలితే చెట్టు దగ్గరికే పోతావు” అంది. బ్రేకు కూడా ఒక్కసారిగా వదిలేస్తున్నానట. “నిద్రపోతున్న పసిబిడ్డ తలకింద నుంచి చెయ్యి ఎలా తీస్తావు? అలా తియ్యాలి” అంది. నాకు పిల్లల్లేరు కదా అన్నాను. “అందుకే ఇంత నెమ్మదిగా పోతున్నావు” అని నవ్వింది. ఆ మాటతో ఇంకో అర సెకను తగ్గింది.

ఆమె తెచ్చిన యాలకుల బన్నులు తిన్నాను గానీ కాఫీ వద్దన్నాను. ట్రాక్ దగ్గర కాఫీ తాగడం మానేశాను. “స్వీడన్‌లో కాఫీ వద్దనే మనిషిని ఇప్పుడే చూస్తున్నా. జ్వరమా?” అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఏదో సర్దిచెప్పాను.

ఇక నీ బండి సంగతి. చలికాలమంతా దాన్ని నా కొట్టంలో పెట్టుకుని బాగుచేశాను. హ్యాండిల్ మార్చాను, పగిలిన తొడుగులు అతికి రంగు వేశాను, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు తీసి తిన్నగా ఉందో లేదో కొలిపించాను. జుట్టుమందమైనా వంకర లేదు. అమ్మే బండిని తోలి చూడకుండా అమ్మకూడదు కదా, అందుకని పోయిన శనివారం దానికి కొత్త స్లిక్కులు వేసి, దుప్పట్లు చుట్టి, గంటన్నర కాచి, ట్రాక్ మీదికి తీసుకెళ్లాను. మూడో మలుపు వచ్చింది. మన ట్రాక్‌లో ఎడమకి తిరిగేది అదొక్కటే, నువ్వు పడింది అక్కడే. చేతులు బిగుసుకుపోయాయి. బండి మాత్రం పట్టాల మీద పోయినట్టు పోయింది. పన్నెండు చుట్లు తిరిగాను, పన్నెండుసార్లూ అంతే.

దిగాక తూవ గడియారం చూపించింది. నిమిషం ముప్పై ఆరు పాయింటు మూడు.

క్లబ్బు గోడ మీద రికార్డుల చెక్క నీకు తెలియనిది కాదు. యాభై దాటినవాళ్ల వరసలో ఏడేళ్లుగా నీ పేరు, పక్కన ముప్పై ఆరు పాయింటు నాలుగు. ఆ అంకె కోసం నేనెంత కుళ్లుకున్నానో నీకు తెలుసు, ప్రతి క్రిస్మస్‌కీ దాన్ని కేకు మీద రాయించి మరీ పంపేవాడివి. తూవ సుత్తి, కొత్త పేరు చెక్కే ఉలి తెస్తానని పరిగెత్తబోయింది. వద్దన్నాను. “పిచ్చా నీకు? ఈ అంకె కోసం ఏడేళ్లు ఏడిచావు కదా!” అని కేకలేసింది. ఇంటికొచ్చి చాలాసేపు వంటింట్లో కూర్చున్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టింది అప్పుడే. మూడుసార్లు చించేశాను.

స్టూరె, నువ్వు ఆసుపత్రిలో అన్న మాట పదకొండు నెలలుగా నా చెవుల్లోనే ఉంది. పిండికట్టులో కదలలేక పడుకుని ముందు మూడు ప్రశ్నలు అడిగావు. మూడో మలుపులో తడి ఉందా అన్నావు. లేదన్నాను. గాలి సరిగ్గా ఉందా అన్నావు. ఉందన్నాను. “మన టైరు పుస్తకం చూడరా, ఆ రోజు వెనక టైరు వేడెంత?” అన్నావు. సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ తిప్పి, ఎనభై డిగ్రీలని చదివాను.

నువ్వు కళ్లు మూసుకుని, “అయితే అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నమాట. తప్పు నాదే. ఎక్కడ చేశానో నాకే తెలియడం లేదురా ఇంగ్వార్. ఎందుకు పడ్డాడో తెలియనివాడు మళ్లీ బండెక్కకూడదు. ఈసారి ఇంకొకణ్ని గుద్ది పడతాడు” అన్నావు. నేనేమీ అనలేదు. నువ్వు నా మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నావు. నేను రెండోసారి చూడటానికి వచ్చేసరికి నువ్వు ఇంటికి వెళ్లిపోయావు, కట్టెలు మొదలయ్యాయి.

ఆ ఏడేళ్ల అంకె నాకు దక్కాక కూడా తియ్యగా లేదు. అది నీ బండి మీద, నీకు తెలియకుండా, నువ్వు బయట కట్టెలు కొడుతుండగా వచ్చింది. నువ్వు పక్కన బండి మీద ఉండి, దిగాక హెల్మెట్టు తీసి నన్ను నాలుగు తిట్లు తిడితే తప్ప అది నాది కాదు. సెప్టెంబరు పదిహేనున ఈ ఏటి ఆఖరి రేసు. నీ పేరు కూడా రాయించాలని ఉంది. రాయించలేదు. నువ్వు అవునంటేనే.

మైబ్రిట్‌కు నా నమస్కారాలు. ఆమె చేసే లింగన్‌పళ్ల జామ్ ఈ ఏడు నాకు ముట్టలేదని గుర్తుచెయ్యి. కట్టెలు జాగ్రత్త.

నీ స్నేహితుడు,
ఇంగ్వార్

తా.క.: కవరు అతికించబోయి మళ్లీ విప్పాను. ఇది చెప్పకపోతే పైన రాసిందంతా బొంకే.

మనకొక పద్ధతి ఉంది కదా. నీ టైర్లు నేను చూడాలి, నా టైర్లు నువ్వు చూడాలి, ఎవరి టైరు వాళ్లు ముట్టుకోకూడదు. టైరు నొక్కుకుంటూ, కంగారుపడుతూ నువ్వు ఒకసారి రేసు మొదలైనా గుడారంలోనే ఉండిపోయావు, ఆ రోజు పెట్టుకున్నాం ఆ పద్ధతి. అందుకే పడిన రోజు ఉదయం నువ్వు చెయ్యి పెట్టి చూడలేదు. నన్ను నమ్మి ఎక్కావు.

ఆ ఉదయం చలి కొరికేస్తోంది. ఎనిమిదింటికి దుప్పట్లు చుట్టాను. నాలుగు దుప్పట్లూ కాఫీ కెటిలూ కలిస్తే మన జనరేటరు మోయలేదు. రెండు నిమిషాలే కదా అని నీ వెనక టైరు దుప్పటి ప్లగ్గు పీకి కెటిల్ పెట్టాను. కాఫీ తాగాం. బన్నులు తిన్నాం. నువ్వు ఏదో జోకు చెప్పావు. మళ్లీ ఆ ప్లగ్గు పెట్టడం మరిచిపోయాను.

తొమ్మిదింటికి దుప్పటి లాగాను. చేతికి తోలు గ్లౌజులున్నాయి, చల్లదనం తెలియలేదు. గాలి కొలిస్తే ముల్లు కిందికి చూపించింది. టైరు చల్లగా ఉంటే ముల్లు కిందికే ఉంటుందని పసిపిల్లకి కూడా తెలుసు. నేను మాత్రం వాల్వు కారుతోందనుకుని గాలి ఇంకాస్త కొట్టాను. చల్లటి టైరు, దానిలో ఎక్కువ గాలి, ఇక అది నేలని పట్టదు. దాని మీద నిన్ను పంపాను. నువ్వు వెళ్లిన నిమిషానికి బల్లకింద కెటిల్ పక్కన నీ ప్లగ్గు కనిపించింది. అరుద్దామని పరిగెత్తాను. అప్పటికే ఎవరో పడ్డారని పసుపు జెండాలు ఊపుతున్నారు.

పుస్తకంలో ఆ రోజు గడి ఖాళీగా ఉండేది. ఎనభై అని నేను రాసింది ఆసుపత్రి మెట్ల మీద, నీ గదిలోకి రాబోయే ముందు. ఒక్కరోజు ఆగి చెబుదామనుకున్నాను. ఆ తర్వాత నువ్వు లేకపోవడంతో మన వయసువాళ్ల వరసలో అందరికన్నా ముందు నేనే వస్తున్నాననీ, అది నాకు బాగుందనీ కూడా దాచను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, స్టూరె.

ఆ పేజీ చించి ఇందులో పెట్టాను. ఎనభై కొట్టేశాను. పక్కన ‘ప్లగ్గు పెట్టలేదు, ఇంగ్వార్’ అని రాసి సంతకం చేశాను. నువ్వెందుకు పడ్డావో ఇప్పుడు నీకు తెలుసు.

శనివారం దాకా బండి నా దగ్గరే ఉంటుంది. నన్ను తిట్టడానికైనా రా. అమ్మడానికి వచ్చినా, ఎక్కడానికి వచ్చినా, ఈసారి నీ టైర్లు నువ్వే ముట్టుకుని చూసుకో.